ఎనిమిది పలకల పిడి: టెన్నిస్‌లో అతి వెస్టర్న్ ఫోర్‌హ్యాండ్ పట్టు – స్వరూపం, ప్రయోజనం, పరిమితులు

వ్యాససంగ్రహం

టెన్నిస్‌లో ఫోర్‌హ్యాండ్ దెబ్బకు ఆటగాడు రాకెట్ పిడిని ఎలా పట్టుకుంటాడన్నది అతని ఆటతీరును చాలావరకు నిర్ణయిస్తుంది. ఈ పట్టులలో ఒక కొసన ఉన్నది అతి వెస్టర్న్ పట్టు. ఎత్తుగా లేచే బంతిని బలమైన టాప్‌స్పిన్‌తో తిప్పికొట్టడానికి ఇది అనువైనది. నేలకు దగ్గరగా జారే బంతి ముందు ఇబ్బంది పడేదీ ఇదే. ఈ పట్టు స్వరూపాన్ని, పుట్టిన నేపథ్యాన్ని, బంతిపై పనిచేసే తీరును, మణికట్టుపై పడే భారాన్ని, పిల్లల శిక్షణలో తలెత్తే ప్రశ్నలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టెన్నిస్, ఫోర్‌హ్యాండ్, పట్టు, పలక, వెస్టర్న్, టాప్‌స్పిన్, మణికట్టు, క్రీడా పరిభాష.

1. ఉపోద్ఘాతం

‘పట్టు’ అన్న మాటకు తెలుగులో విస్తృతమైన అర్థపరిధి ఉంది. కుస్తీలో పట్టు వేరు, విద్యలో పట్టు వేరు, పంతానికి పట్టుబట్టడం వేరు. వీటన్నింటిలోనూ ఒకే భావం అంతస్సూత్రంగా కనిపిస్తుంది: దేనినైనా వదలకుండా తన అధీనంలో ఉంచుకోవడం. టెన్నిస్ ఆటగాడి పట్టులోనూ ఆ భావం ఉంది. అయితే ఇక్కడ మరొక అంశం తోడవుతుంది. చేతిని పిడి చుట్టూ ఒక్క పలక మేర జరిపితే చాలు, బంతిని కొట్టే ఎత్తు, శరీరానికీ బంతికీ మధ్య దూరం, కాళ్ల నిలకడ, చివరకు ఆటగాడు ఏ రకం కోర్టుపై రాణిస్తాడన్నది కూడా మారిపోతాయి.

అతి వెస్టర్న్ పట్టు గురించి రెండు పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. అది దోషమనీ, చిన్ననాడే మాన్పించాలనీ ఒక వర్గం భావిస్తుంది. ఆధునిక టెన్నిస్ అంతా టాప్‌స్పిన్ మీదనే నడుస్తున్నది కనుక అదే మేలైన పట్టు అని మరొక వర్గం భావిస్తుంది. పట్టును దాని పరిస్థితుల నుంచి విడదీసి చూడడం వల్లనే ఈ రెండు అభిప్రాయాలూ ఏర్పడ్డాయి. ఏ పట్టు అయినా ఒక రకమైన బంతికి ఆటగాడి చేయి చెప్పిన సమాధానం. ఆ బంతి ఎలాంటిదో తెలిస్తే సమాధానంలోని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి.

2. పిడి స్వరూపం – పట్టుల వరుస

టెన్నిస్ రాకెట్ పిడి గుండ్రంగా ఉండదు. దానికి ఎనిమిది పలకలు ఉంటాయి. రాకెట్ చట్రం అంచు నేలవైపు ఉండేట్లు, తీగల తలం నిలువుగా ఉండేట్లు పట్టుకొని పిడి అడుగుభాగం నుంచి చూస్తే, అన్నిటికంటె పైన ఉన్నది 1వ పలక. కుడిచేతి ఆటగాడు అక్కడినుంచి గడియారపు ముల్లు తిరిగే దిశలో 2, 3, 4 అని 8 వరకు లెక్కిస్తాడు. ఎడమచేతి ఆటగాడికి లెక్క ఎదురు దిశలో సాగుతుంది. చూపుడువేలి మొదటి కణుపు ఏ పలకపై ఆనుతున్నదో దానిని బట్టి పట్టుకు పేరు ఏర్పడుతుంది.

కణుపు 2వ పలకపై ఉంటే కాంటినెంటల్ పట్టు. 3వ పలకపై ఉంటే ఈస్టర్న్. ఎదుటివారితో కరచాలనం చేస్తున్నట్లుగా ఉండే పట్టు ఇది. 4వ పలకపై ఉంటే సెమీ వెస్టర్న్. 5వ పలకపై ఉంటే వెస్టర్న్. అంటే అరచేయి దాదాపుగా పిడి కిందికి చేరుతుంది. 5వ పలకను కూడా దాటి 6వ పలక వైపు చేయి జరిగితే అది అతి వెస్టర్న్ పట్టు. దీనినే కొందరు హవాయియన్ పట్టు అని కూడా పిలుస్తారు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఈ పేర్లు గీత గీసినట్లు విడివిడిగా ఉన్న గదులు కావు. ఎందరో ఆటగాళ్లు రెండు పలకల మధ్య అంచున పట్టుకుంటారు. నొవాక్ జకోవిచ్ పట్టును సెమీ వెస్టర్న్‌కూ వెస్టర్న్‌కూ మధ్యస్థంగా పరిగణించడం ఇందుకు ఉదాహరణ.

3. పేర్ల వెనుక ఉన్న నేల

‘వెస్టర్న్’ అన్న మాటను తెలుగులోకి ‘పాశ్చాత్య’ అని అనువదిస్తే అర్థం తప్పుతుంది. ఈ పేరుకు ప్రాక్పశ్చిమ సంస్కృతుల భేదంతో సంబంధం లేదు. ఇది అమెరికా దేశపు పడమటి తీరానికి సంబంధించిన మాట. 20వ శతాబ్దం తొలి దశకాల్లో కాలిఫోర్నియాలో సిమెంటు కోర్టులపై ఆట నేర్చినవారికి బంతి ఎత్తుగా లేచేది. తూర్పు తీరంలోని క్లబ్బుల్లో పచ్చిక కోర్టులు ఉండేవి. అక్కడ బంతి తక్కువ ఎత్తులో జారుతూ వచ్చేది. తూర్పువారి చేయి 3వ పలక దగ్గర, పడమటివారి చేయి 5వ పలక దగ్గర కుదురుకున్నాయి. ఐరోపా ఖండంలో అలవడిన పట్టుకు కాంటినెంటల్ అన్న పేరు వచ్చింది. అంటే ఈ పేర్లన్నీ నేలల పేర్లే. కనుక తెలుగులో ‘ఈస్టర్న్ పట్టు’, ‘వెస్టర్న్ పట్టు’ అని సంజ్ఞావాచకాలుగానే ఉంచి, పిడికి సంబంధించిన మాటను మాత్రం ‘పలక’ అనడం సముచితం. ఎనిమిది పలకల స్తంభాన్ని ఎరిగిన భాషకు ఎనిమిది పలకల పిడిని వర్ణించడానికి కొత్త మాట అవసరం లేదు.

పడమటి తీరపు ఆటకు తొలి ప్రతినిధులు మారిస్ మెక్‌లాఫ్లిన్, విలియం జాన్‌స్టన్. మెక్‌లాఫ్లిన్ 1912, 1913 సంవత్సరాల్లో అమెరికా జాతీయ విజేతగా నిలిచాడు. ‘లిటిల్ బిల్’ అని పేరుపొందిన జాన్‌స్టన్ 1915, 1919లలో ఆ టైటిల్ గెలిచాడు. 1923లో వింబుల్డన్ విజేత అయ్యాడు. అతని వెస్టర్న్ ఫోర్‌హ్యాండ్ ఆ కాలపు అత్యుత్తమ దెబ్బలలో ఒకటిగా పేరుపొందింది. అయితే ఈస్టర్న్ పట్టు వాడిన బిల్ టిల్డెన్ 1920లోను, 1922 నుంచి 1925 వరకు వరుసగాను అమెరికా ఫైనల్స్‌లో జాన్‌స్టన్‌ను ఓడించాడు. ఈ ఓటములకు పట్టు ఒక్కటే కారణం అనడం సాహసం అవుతుంది. కానీ ఆ తరువాత చాలాకాలం పాటు శిక్షణలో ఈస్టర్న్ పట్టుకే ప్రాధాన్యం దక్కింది.

దీనికి బలమైన భౌతిక కారణం ఉంది. 1974 వరకు నాలుగు గ్రాండ్‌స్లామ్ టోర్నీలలో మూడు పచ్చిక మీదనే జరిగేవి. ఒక్క ఫ్రెంచ్ టోర్నీ మాత్రమే ఎర్రమట్టిపై జరిగేది. అమెరికా టోర్నీ 1975లో మట్టికి, 1978లో హార్డ్ కోర్టుకు మారింది. ఆస్ట్రేలియా టోర్నీ 1988లో హార్డ్ కోర్టుకు మారింది. నేడు పచ్చికపై జరిగేది వింబుల్డన్ ఒక్కటే. జారే బంతి ప్రధానమైన కాలంలో వెస్టర్న్ పట్టు వెనుకబడడం, లేచే బంతి ప్రధానమైన కాలంలో అది ముందుకు రావడం యాదృచ్ఛికం కాదు.

4. బంతిపై పనిచేసే తీరు

పట్టు గురించి సాధారణంగా ఒక అపోహ ఉంది. వెస్టర్న్ పట్టులో రాకెట్ ముఖం నేలవైపు వాలి ఉంటుందనీ, అందువల్లనే బంతి తిరుగుతుందనీ అనుకుంటారు. బంతిని తాకే క్షణంలో రాకెట్ ముఖం ఏ పట్టులోనైనా దాదాపు నిలువుగానే ఉండాలి. బాగా వాలితే బంతి నెట్‌లో పడుతుంది. బాగా తెరుచుకుంటే కోర్టు దాటిపోతుంది. తాకిడి కాలం సెకనులో వెయ్యవ వంతులు నాలుగైదు మాత్రమే. ఆ స్వల్పకాలంలో ముఖాన్ని సవరించుకునే వీలు లేదు.

మరి పట్టు మార్చేదేమిటి? ముఖం నిలువుగా ఉండే చోటును అది మారుస్తుంది. ఈస్టర్న్ పట్టులో నడుము ఎత్తున, శరీరానికి కొద్దిగా ముందు, మణికట్టును వంచకుండానే ముఖం నిలువుగా నిలుస్తుంది. చేయి పిడి కిందికి జరిగేకొద్దీ ఆ సహజస్థానం పైకీ ముందుకూ జరుగుతుంది. అతి వెస్టర్న్ పట్టులో అది ఛాతీ నుంచి భుజం ఎత్తు వరకు, శరీరానికి బాగా ముందు ఉంటుంది. ఇతరులకు ఇబ్బందికరమైన ఎత్తైన బంతి ఈ పట్టువానికి అనుకూలం కావడానికి ఇదే మూలకారణం.

దీనితో పాటు రాకెట్ నడిచే మార్గం కూడా మారుతుంది. ఈ పట్టులో రాకెట్ బంతికి బాగా దిగువనుంచి నిటారుగా పైకి లేస్తుంది. ముంజేయి తిరుగుతూ రాకెట్‌ను కారు అద్దం తుడిచే వైపర్ లాగా అడ్డంగా తీసుకుపోతుంది. కాళ్లు తరచుగా నెట్‌కు అభిముఖంగా తెరిచి ఉంటాయి. తీగలు బంతి వెనుకభాగాన్ని కింది నుంచి పైకి రాసుకుంటూ పోవడంతో బంతి ముందుకు దొర్లుతున్నట్లు గిర్రున తిరుగుతుంది. ఇదే టాప్‌స్పిన్. ఇలా తిరిగే బంతి పైభాగం ఎదురుగాలికి అభిముఖంగా కదులుతుంది. బంతి చుట్టూ సాగే గాలి పైకి మళ్లుతుంది. ప్రతిచర్యగా బంతి కిందికి నెట్టబడుతుంది. దీనిని మాగ్నస్ ప్రభావం అంటారు. నెట్ మధ్యభాగం ఎత్తు 0.914 మీటర్లు. టాప్‌స్పిన్ ఉన్న బంతి దానికి చాలా పైనుంచి దాటి కూడా కోర్టులోనే వాలుతుంది. నేలను తాకాక ఎగసిపడుతుంది. పొరపాటుకు అవకాశం తగ్గడం, ప్రత్యర్థికి భుజానికి పైన బంతి అందడం ఇందులోని రెండు లాభాలు.

ఈ లాభానికి మూల్యమూ ఉంది. రాకెట్ వేగంలో పైకి పోయే అంశం పెరిగేకొద్దీ ముందుకు పోయే అంశం తగ్గుతుంది. అదే శ్రమతో బంతి ఎక్కువ తిరుగుతుంది గాని తక్కువ వేగంతో పోతుంది. రెండూ కావాలంటే రాకెట్‌ను మరింత వేగంగా విసరాలి; అంటే శరీరం మరింత శ్రమించాలి.

తిరుగుడు అంతా పట్టువల్లనే వస్తుందనుకోవడం కూడా సరికాదు. జాన్ యాండెల్ వేగవంతమైన కెమెరాలతో జరిపిన కొలతల్లో రఫాయెల్ నడాల్ ఫోర్‌హ్యాండ్ బంతి సగటున నిమిషానికి సుమారు 3200 సార్లు తిరిగినట్లు తేలింది. పీట్ సాంప్రాస్, ఆండ్రీ అగస్సీల సగటు 1800–1900 ప్రాంతంలో ఉంది. నడాల్ పట్టు అతి వెస్టర్న్ కాదు, సెమీ వెస్టర్న్. రాకెట్ వేగం, అది నడిచిన మార్గం, తీగల స్వభావం కూడా తిరుగుడును నిర్ణయిస్తాయని ఇది స్పష్టం చేస్తుంది.

5. పరికరాల్లో వచ్చిన మార్పు

కొయ్య రాకెట్ల కాలంలో తల వైశాల్యం 65–70 చదరపు అంగుళాలు. ఆ ఇరుకు తలతో బంతిని నిటారుగా రాసుకుంటూ కొట్టడం ప్రమాదకరం. కొద్దిగా తప్పినా బంతి చట్రానికి తగులుతుంది. ఆ రాకెట్‌తోనే బలమైన టాప్‌స్పిన్ సాధించి, ఆరు ఫ్రెంచ్ టైటిళ్లు, 1976–80 మధ్య వరుసగా ఐదు వింబుల్డన్ టైటిళ్లు గెలిచిన బ్యోర్న్ బోర్గ్ అందుకే అసాధారణుడు. 1980లలో గ్రాఫైట్ రాకెట్లు వ్యాపించాక తల వైశాల్యం పెరిగింది, బరువు తగ్గింది. 1997లో గుస్తావో కుయెర్టెన్ పాలియెస్టర్ తీగలతో ఫ్రెంచ్ టోర్నీ గెలిచిన తరువాత ఆ తీగలు వేగంగా వ్యాపించాయి. బంతి తాకినప్పుడు ఇవి పక్కకు జారి వెంటనే స్వస్థానానికి తిరిగివస్తాయి. ఆ కదలిక తిరుగుడును పెంచుతుంది. ఈ మార్పులు అతి వెస్టర్న్ పట్టును సృష్టించలేదు. కాని దానిని వాడడంలోని ప్రమాదాన్ని తగ్గించి, లాభాన్ని పెంచాయి.

6. ఒక కొస ఉదాహరణ: అల్బెర్టో బెరసతేగి

ఈ పట్టు శక్తినీ పరిమితినీ ఒకేచోట చూపిన ఆటగాడు స్పెయిన్‌కు చెందిన అల్బెర్టో బెరసతేగి. అతని చేయి పిడి చుట్టూ ఎంతగా తిరిగి ఉండేదంటే, ఫోర్‌హ్యాండ్‌నూ బ్యాక్‌హ్యాండ్‌నూ రాకెట్ ఒకే ముఖంతో కొట్టేవాడు. దీనికి కారణం పిడి నిర్మాణంలోనే ఉంది. 5వ పలకకు సరిగ్గా ఎదుటిది 1వ పలక. 5వ పలకపై కణుపు ఉంచి, చేయి కదపకుండా రాకెట్‌ను తలకిందులు చేస్తే కణుపు పైకి వస్తుంది. అది ఈస్టర్న్ బ్యాక్‌హ్యాండ్ పట్టుతో సమానం అవుతుంది.

1994లో బెరసతేగి ఫ్రెంచ్ టోర్నీ ఫైనల్ చేరి సెర్గీ బ్రుగేరా చేతిలో నాలుగు సెట్లలో ఓడిపోయాడు. ఆ ఒక్క సంవత్సరంలోనే ఏడు టైటిళ్లు గెలిచాడు. అన్నీ మట్టి కోర్టుల మీదనే. ఇంతవరకే చూస్తే అతడు ఒక్క నేలకే పరిమితమైన ఆటగాడు అనిపిస్తుంది. కాని 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో పాట్రిక్ రాఫ్టర్‌ను, ఆండ్రీ అగస్సీని ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరాడు. నాటి మెల్‌బోర్న్ హార్డ్ కోర్టు బంతిని ఎత్తుగా లేపేది. నేల పేరు కాదు, బంతి లేచే ఎత్తే ముఖ్యం అన్నది ఈ ఫలితం చెప్పే విషయం.

7. పరిమితులు

7.1 తక్కువ ఎత్తు బంతి: మోకాలి కింద వచ్చే బంతికి ఈ పట్టుతో ముఖాన్ని నిలువుగా తేవాలంటే మణికట్టును అసహజంగా వంచాలి, లేదా మోకాళ్లను బాగా వంచి శరీరాన్నే కిందికి దించాలి. ప్రత్యర్థి స్లైస్ చేసి బంతిని నేలబారుగా పంపినప్పుడు ఈ బలహీనత బయటపడుతుంది.

7.2 పట్టు మార్పిడి: వాలీకీ, స్లైస్‌కూ, సర్వీసుకూ 2వ పలకపై ఉండే కాంటినెంటల్ పట్టు అవసరం. ఒక్కొక్క పలక సుమారు 45 డిగ్రీల మలుపు అనుకుంటే, ఈస్టర్న్ నుంచి కాంటినెంటల్‌కు 45 డిగ్రీలు, సెమీ వెస్టర్న్ నుంచి 90, వెస్టర్న్ నుంచి 135, 6వ పలక నుంచి ఏకంగా 180 డిగ్రీలు పిడి తిరగాలి. వేగవంతమైన సర్వీసును ఎదుర్కొనేటప్పుడు ఈ మార్పిడికి దొరికే సమయం సెకనుకు లోపే.

7.3 సమయపాలన: బంతిని శరీరానికి బాగా ముందు తాకవలసి ఉన్నందువల్ల కొద్దిగా ఆలస్యమైనా దెబ్బ చెడుతుంది. వేగంగా వచ్చే బంతులతో ఒత్తిడి తెచ్చే ప్రత్యర్థి ఎదుట ఇది కీలకం.

ఈ పరిమితులు దాటరానివి కావు. అతి వెస్టర్న్ ఫోర్‌హ్యాండ్‌కు పేరుపొందిన జాక్ సాక్ 2014, 2018లలో వింబుల్డన్ డబుల్స్ విజేత. పచ్చికపైన, వాలీలు ప్రధానమైన ఆటలో ఈ విజయం పట్టు మార్పిడిని అభ్యాసంతో సాధించవచ్చని నిరూపిస్తుంది. వెస్టర్న్ వైపు బాగా ఒరిగిన పట్టుగల ఇగా ష్వియాంటెక్ నాలుగు ఫ్రెంచ్ టైటిళ్లు గెలిచినా వింబుల్డన్‌లో చాలాకాలం క్వార్టర్ ఫైనల్ దాటలేదు. ఆమె ఫోర్‌హ్యాండ్ పచ్చికకు తగదన్న మాట తరచుగా వినిపించేది. 2025లో ఆమె అదే వింబుల్డన్ ఫైనల్‌లో అమాండా అనిసిమోవాపై 6–0, 6–0తో గెలిచింది. 2001 నుంచి వింబుల్డన్ కోర్టుల్లో పూర్తిగా రై గడ్డినే పెంచుతుండడంతో నేల గట్టిపడి, బంతి పూర్వంకంటె నమ్మకంగా లేస్తున్నది. ఆటగత్తె సాధనతో పాటు నేలలోని ఈ మార్పునూ లెక్కలోకి తీసుకోవాలి.

8. మణికట్టుపై భారం

పట్టుకూ గాయానికీ గల సంబంధాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2009లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్’లో వెలువడింది. వృత్తి క్రీడాకారులు కాని 370 మందిని పరిశీలించగా 50 మందిలో మణికట్టు గాయాలు కనిపించాయి. గాయం ఎక్కడ అన్నది పట్టును బట్టి మారింది. ఈస్టర్న్ పట్టువారిలో బొటనవేలి వైపు గాయాలు, సెమీ వెస్టర్న్, వెస్టర్న్ పట్టులవారిలో చిటికెనవేలి వైపు గాయాలు ఎక్కువగా కనిపించాయి. చిటికెనవేలి వైపు సాగే ఎక్స్‌టెన్సర్ కార్పి అల్నారిస్ అనే స్నాయువు ఇందులో ప్రధానంగా దెబ్బతినేది.

దీనినుంచి గ్రహించవలసిన విషయం సున్నితమైనది. వెస్టర్న్ పట్టు గాయపరుస్తుంది, ఈస్టర్న్ పట్టు కాపాడుతుంది అన్నది ఇందులోని తీర్పు కాదు. ఏ పట్టూ భారాన్ని తొలగించదు. దానిని వేరొక చోటికి మారుస్తుంది. కనుక అతి వెస్టర్న్ ఆటగాడికి చిటికెనవేలి వైపు మణికట్టులో నొప్పి మొదలైతే దానిని మామూలు అలసటగా తోసిపుచ్చకుండా వైద్యపరీక్ష చేయించడం అవసరం.

9. పిల్లల శిక్షణలో ప్రశ్న

ఈ చర్చకు అసలైన ప్రాముఖ్యం పిల్లల విషయంలో ఉంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు పెద్దల కోర్టులో పెద్దల బంతితో ఆడితే బంతి అతని భుజం ఎత్తునో తల ఎత్తునో వస్తుంది. ఎవరూ నేర్పకుండానే అతని చేయి పిడి కిందికి జారుతుంది. శిక్షకుడు దోషంగా చూసే ఆ పట్టు నిజానికి పిల్లవాడి శరీరం కనుగొన్న సరైన పరిష్కారం. తప్పు ఉన్నది చేతిలో కాదు, బంతిలో. అయితే పిల్లవాడు ఎదిగాక బంతి నడుము ఎత్తుకు వస్తుంది. అలవాటు మాత్రం భుజం ఎత్తు దగ్గరే నిలిచిపోతుంది.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2007లో ప్రారంభించిన ‘ప్లే అండ్ స్టే’ కార్యక్రమం ఈ సమస్యకు మూలంలో జవాబిచ్చింది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ గుర్తుల బంతులు మామూలు బంతికంటె వరుసగా సుమారు 75, 50, 25 శాతం నెమ్మదైనవి. తక్కువ ఎత్తుకు లేస్తాయి. 2012 నుంచి పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతిని అనుమతించడం లేదు. బంతి నడుము ఎత్తుకు దిగితే చేయి 3వ, 4వ పలకల దగ్గర సహజంగానే కుదురుకుంటుంది. మందలింపు అవసరం ఉండదు.

ఇప్పటికే అతి వెస్టర్న్ పట్టు స్థిరపడిన కౌమార వయస్కుల విషయం వేరు. ఏళ్ల తరబడి అలవడిన పట్టును ఒక్కసారిగా మార్చితే తాకే ఎత్తు, దూరం, కాళ్ల నిలకడ అన్నీ ఏకకాలంలో చెదిరిపోతాయి. ఆటపై విశ్వాసమూ చెదురుతుంది. నొప్పి లేనప్పుడు, పట్టును యథాతథంగా ఉంచి తక్కువ ఎత్తు బంతులకు మోకాళ్లు వంచడం, కాంటినెంటల్‌కు త్వరగా మారడం, స్లైస్, వాలీ నేర్పడం మేలు. నొప్పి ఉన్నప్పుడో, తక్కువ బంతి ముందు పదే పదే ఓడిపోతున్నప్పుడో మార్పు తప్పనిసరైతే అర పలక చొప్పున, పోటీలు లేని కాలంలో జరపడం సమంజసం.

10. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. అతి వెస్టర్న్ పట్టు ఎత్తుగా లేచే బంతికి ఏర్పడిన సమాధానం. బంతి ఎత్తును చెప్పకుండా పట్టు మంచిచెడ్డలు నిర్ణయించడం సాధ్యం కాదు.

2. తాకిడి వేళ రాకెట్ ముఖం అన్ని పట్టులలోనూ దాదాపు నిలువుగానే ఉంటుంది. పట్టు మార్చేది ఆ నిలువు కుదిరే ఎత్తును, దూరాన్ని.

3. నేలలు, రాకెట్లు, తీగలు మారడం వల్ల ఈ పట్టుకు ఆదరణ పెరిగింది. అయినా తక్కువ బంతి, పట్టు మార్పిడి, సమయపాలన విషయాల్లో దాని పరిమితులు అలాగే ఉన్నాయి.

4. గాయాల విషయంలో పట్టు భారాన్ని తగ్గించదు, దాని చోటును మారుస్తుంది.

5. పిల్లల చేతిని సరిచేయడానికి ముందు వారి ముందున్న బంతిని సరిచేయాలి.

క్రీడల గురించి తెలుగులో గెలుపోటముల వార్తలు విస్తారంగా వస్తున్నాయి. ఆటలోని శాస్త్రీయతను వివరించే రచనలు కూడా అంతే విస్తారంగా రావాలి. పలక, పట్టు, పిడి, మణికట్టు, తిరుగుడు వంటి వాడుకలోని మాటలకు ఫోర్‌హ్యాండ్, టాప్‌స్పిన్ వంటి ఆదానపదాలు తోడైతే ఎంతటి సూక్ష్మ విషయాన్నైనా తెలుగులో చెప్పవచ్చు. ఆ వివరణ తమ భాషలో అందితే, పిల్లవాడి చేయి పిడి కిందికి ఎందుకు జారిందో తల్లిదండ్రులూ శిక్షకులూ ముందుగా ఆలోచిస్తారు. మందలింపు ఆ తరువాతి మాట అవుతుంది.